ఒక్క ఓటు

1999 ఏప్రిల్ 17, శనివారం. బయట ఢిల్లీ ఎండ మండిపోతోంది. లోపల లోక్‌సభలో కాలు పెట్టే సందు లేదు. అన్నాడీఎంకే అధినేత్రి జయలలిత తన 18 మంది ఎంపీల మద్దతు వెనక్కి తీసుకుని మూడు రోజులైంది. పదమూడు నెలల వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షకు నిలబడింది. డీఎంకే అండగా వచ్చింది. దూరమైన చౌతాలా తిరిగి ప్రభుత్వం వైపొచ్చాడు. తెలుగుదేశమూ వెంటే ఉంది. గట్టెక్కినట్టే అనిపించింది, మాయావతి మనసు మారేదాకా.

తటస్థంగా ఉంటారనుకున్న బీఎస్పీ ఐదుగురూ వ్యతిరేకమన్నారు. అధికార పక్షం ఉలిక్కిపడింది. వేళ్ల మీద లెక్కలు మళ్లీ మొదలయ్యాయి. అప్పుడే అందరి కళ్లూ ఒకే మనిషి మీద పడ్డాయి.

కాంగ్రెస్ నేత గిరిధర్ గమాంగ్. ఫిబ్రవరిలోనే ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాడు. కానీ కోరాపుట్ ఎంపీ పదవి వదల్లేదు. ఓటెలా వేస్తాడని ఒక వైపు కేకలు, ఎందుకు వేయకూడదని మరో వైపు అరుపులు. తేల్చాల్సింది ఒక్కడే: స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి.

కోనసీమ మనిషి. అమలాపురం ఎంపీ, తెలుగుదేశం వాడు. తన పార్టీ మద్దతిస్తున్న ప్రభుత్వమే కళ్లెదుట ఊగుతోంది. అయినా ఆయన పార్టీని చూడలేదు. గమాంగ్ ఇంకా సభ్యుడే. ఓటెయ్యాలా వద్దా అన్నది గమాంగ్ అంతరాత్మకే వదిలేశారు.

గమాంగ్ వ్యతిరేకంగా ఓటేశాడు.

నేషనల్ కాన్ఫరెన్స్ ప్రభుత్వం వైపున్నా ఆ పార్టీ ఎంపీ సైఫుద్దీన్ సోజ్ విప్‌ను కాదని ఎదురు ఓటు వేశాడని ఒక మూల గుసగుసలు రేగుతుండగా, ముందు వరసల్లో పెద్దలు కుర్చీల అంచుకు జరిగి బోర్డు కేసి మెడలు చాస్తుండగా, గెలిచామని ఒకరు, ఓడామని ఒకరు అనుకుంటుండగానే స్పీకర్ లెక్క చదివారు. అనుకూలం 269. వ్యతిరేకం 270.

స్పీకర్ మొదట ఓటెయ్యకూడదు. ఇరువైపులా సమానమైతేనే ఆయన ఓటు. గమాంగ్ ఆగిపోయి ఉంటే 269కి 269. అప్పుడు తీర్పు బాలయోగి చేతిలోనే. నిర్ణయం చెప్పేటప్పుడు ఆ సంగతి ఆయనకే కాదు, ఎవరికీ తెలియదు. తెలిసినా ఆయన అదే చెప్పేవారని నమ్మాలనిపిస్తుంది.

ఆ రోజే వాజ్‌పేయి రాష్ట్రపతి భవన్‌కు వెళ్లి రాజీనామా ఇచ్చారు. 272 మంది తమ వెనక ఉన్నారన్నారు కాంగ్రెస్ అధ్యక్షురాలు సోనియా. సమాజ్‌వాదీ నేత ములాయం కలిసిరాలేదు. ఏప్రిల్ 26న లోక్‌సభే రద్దయింది.