మారి బార్లీ తొందర

ప్రజనన శాస్త్రం బోధించినన్నాళ్లూ పంటకాలం పాఠానికి నేను స్వీడన్ బార్లీనే ఎంచుకునేదాన్ని. ఒకే ఒక్క జన్యువు పంట పొలిమేరల్ని జరిపిన తీరు అందులో కనిపించినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

బార్లీ పగటి పొడుగు చూసుకుని పూతకొచ్చే పైరు. పగలు పెరిగేకొద్దీ త్వరపడుతుంది. పదివేల ఏళ్ల కిందట పశ్చిమాసియాలో సాగులోకి వచ్చినప్పుడు ఈ గుణమే దాన్ని కాపాడింది. ఎండలు ముదిరి నేల బీటలు తీసేలోపు గింజ కట్టాలి కదా. ఉత్తర ఐరోపాకు చేరాక ఆ తొందరే నష్టమైంది. అక్కడ వసంతంలో విత్తిన చేను వేసవి తడిని వాడుకుంటూ నిదానంగా పండాలి. మాల్టుకైతే మరీను: గింజ పిండితో బలవాలి, మాంసకృత్తులు మితంగా ఉండాలి, నానబోస్తే అన్నీ ఒక్కసారే మొలకెత్తాలి. అందుకే పొడుగు పగళ్లకు తొణకని మొక్కల్ని రైతులు తరతరాలుగా ఏరి దాచుకున్నారు. ఆ తేడా పీపీడీ-హెచ్1 అనే జన్యువులో ఉందని నార్విచ్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్ బృందం చెప్పింది 2005లో! కాబట్టి మొదటి గౌరవం పేరు తెలియని ఆ రైతులకే దక్కాలి.

ఇంకా ఉత్తరానికి పోతే ఈ నిదానమూ పనికిరాదు. చలి ముందే దిగుతుంది. కంకికి రెండు వరసల్లో గింజలు పట్టే బార్లీ అక్కడ కోతకు అందేది కాదు.

ఈ చిక్కుకు విరుగుడు స్వాలోవ్‌లో దొరికింది. అది దక్షిణ స్వీడన్‌లో ఒక ఊరు. 1886 నుంచి అక్కడ విత్తనాల మెరుగుదలే పని. నడివేసవిలో అక్కడ పగలు 17 గంటలు దాటుతుంది. మన గుంటూరులో 13 గంటలకు అటూ ఇటూ. 1928లో ప్రజనన శాస్త్రవేత్త నిల్సన్-ఎలె ప్రోత్సాహంతో ఓకె గుస్తాఫ్‌సన్ అక్కడ జన్యువుల్లో మార్పులు తెప్పించాలని బార్లీ గింజలకు ఎక్స్-కిరణాలు పట్టించడం మొదలుపెట్టారు. అమెరికాలో అదే పని చేసిన స్టాడ్లర్ దీనివల్ల సేద్యానికి ఒరిగేది పెద్దగా ఉండదని అనుకున్నారు. గుస్తాఫ్‌సన్ వదల్లేదు. ఆ పట్టుదలంటే నాకు చాలా గౌరవం.

బార్లీలో పూత తేదీ రాసుకోవడం తేలిక కాదు. కంకి చాలాసార్లు పొట్టలో ఉండగానే పుప్పొడి రాలిపోతుంది. అందుకని పోటాకు తొడుగులోంచి మీసాల కొసలు తొంగిచూసిన రోజునే లెక్కకు తీసుకుంటారు. అలా మడి మడీ తిరిగి చూస్తుంటే కిరణాలు పట్టించిన బోనస్ అనే రకం నుంచి పుట్టిన ఒక మొక్క తల్లికంటే ముందే కంకి తీసింది. అదే మారి పేరుతో 1961లో రైతులకు అందింది. త్వరగా పండే గుణాన్ని కృత్రిమంగా పుట్టించి విడుదల చేసిన తొలి బార్లీ రకం అది. దాని సంతతి పంటకాలం తక్కువున్న ఎన్నో దేశాలకు వెళ్లింది.

దానికి అంత తొందర ఎందుకో అప్పట్లో తెలియదు. మారితోపాటు త్వరగా పూసిన మొక్కలన్నిటి విత్తనాల్నీ మాత్రం భద్రం చేశారు. ఉద్దా లుండ్‌క్విస్ట్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు వాటిని సాకారు. వాటిలో 87 వంశాల్ని పరీక్షించి, ఈ తొందరకు కారణమైన జన్యువు మొక్క లోపలి గడియారానికి చెందినదని 2012లో ఒక బృందం ప్రకటించింది. ఆ బృందంలో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలవారూ, లుండ్‌క్విస్ట్ గారూ ఉన్నారు. మామూలు మొక్కలో ఈ జన్యువు రాత్రివేళ పూత సంకేతాన్ని ఆపి ఉంచుతుంది. మారిలో అది చెడిపోయింది. పగలు పొట్టిదైనా పొడుగైనా పూత ఆగదు.

ఆ విత్తనాలు మిగిలి ఉండకపోతే ఇంతమంది కలిసినా చేయగలిగింది కొంచెమే. మన పరిశోధన స్థానాల్లో పనిచేస్తున్న పిల్లలకు ఒక్కటే చెబుతాను: బీరువాలోని పాత విత్తనాల పొట్లాలు పారేయకండి. ఏటా కొన్నిటినైనా మళ్లీ మొలిపించి, తేదీ వేసి, దాచండి.