ఇరవై అయిదు మెట్లు: చేతి హార్మోనియం నుండి మిడి కంట్రోలర్ దాకా చిన్న వాద్యాల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వాద్యం చిన్నదైన ప్రతిసారీ దానిలో ఏదో ఒక భాగం తొలగుతుంది. ఏది తొలగాలనే నిర్ణయం ఆ వాద్యం ఏ సంగీతం కోసం తయారైందన్న దానిపై ఆధారపడుతుంది. చేతి హార్మోనియం, విద్యుత్ మాండొలిన్, నేటి చిన్న మిడి కంట్రోలర్లను ఆధారంగా చేసుకొని, ఈ మార్పులో గమకానికి దక్కిన స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: హార్మోనియం, మిడి, కంట్రోలర్, గమకం, స్థాయి, మాండొలిన్.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదులోని సంజీవరెడ్డినగర్, జనవ్యవహారంలో ఎస్.ఆర్. నగర్, వసతిగృహాలకు, శిక్షణ సంస్థలకు పేరుపొందింది. అమీర్‌పేటలోని సారథి స్టూడియో, సినిమా అవకాశాల కోసం వచ్చినవారికి ఆశ్రయమైన కృష్ణానగర్ దీనికి చేరువలోనే ఉన్నాయి. ముగ్గురు నలుగురు కలిసి ఉండే వసతిగృహపు గదిలో పెద్ద వాద్యానికి చోటు ఉండదు. ధ్వనికి స్వేచ్ఛ అంతకంటే ఉండదు. ఒళ్ళో పట్టే మెట్లపలక, ల్యాప్‌టాప్, చెవులకు హెడ్‌ఫోన్లు – ఇటువంటి గదికి సరిపడే సంగీతసామగ్రి ఇంతే. అయితే ఈ అమరిక కేవలం నేటి సాంకేతికత ఫలితం కాదు. దీనికి దాదాపు నూటయాభై ఏళ్ళ పూర్వరంగం ఉంది.

2. తిత్తికి అంకితమైన చేయి:
ఐరోపాలో పుట్టిన హార్మోనియంలో గాలిని కాళ్ళతో తొక్కి నింపేవారు; రెండు చేతులూ మెట్లమీద ఉండేవి. 19వ శతాబ్ది చివరిపాదంలో కలకత్తాకు చెందిన ద్వారకానాథ్ ఘోష్ రూపొందించినదిగా చెప్పే చేతి హార్మోనియం నేలమీద కూర్చుని వాయించడానికి, మోసుకుపోవడానికి అనువైనది. కాని ఈ సౌలభ్యానికి ఎడమచేయి మూల్యమైంది. అది తిత్తికి అంకితమైపోయి, కుడిచేయి ఒక్కటే స్వరాలకు మిగిలింది. స్వరసమ్మేళనం ప్రధానమైన పాశ్చాత్య సంగీతానికి ఇది పెద్ద లోటు. ఏకస్వరధార ప్రధానమైన మన సంగీతానికి కాదు. అందుకే ఇక్కడ ఆ వాద్యం నిలిచింది. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటకసంప్రదాయానికీ, పద్యనాటకానికీ అది ఊరూరా తోడు వెళ్ళింది.

గమకం విషయంలో మాత్రం హార్మోనియం నిందకు గురైంది. స్థిరస్వరాల వాద్యం భారతీయ రాగాలకు తగదన్న వాదం బలపడి, 1940లో ఆలిండియా రేడియో దానిని నిషేధించింది. 1971లో ఆ నిషేధం సడలడం మొదలైంది. ఒక్కమాటలో చెప్పాలంటే హార్మోనియం నాటకరంగానికి ఇముడు వాద్యం, రేడియోకు ఇమడని వాద్యం.

3. వాద్యాన్ని మార్చిన వాదకుడు:
ఈ చిక్కుకు తెలుగునేల నుండి వచ్చిన సమాధానాల్లో ముఖ్యమైనది ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) మాండొలిన్. పాలకొల్లులో జన్మించిన ఆయన, జంటతీగలుండే మాండొలిన్‌ను విడిచి అయిదు ఒంటితీగల విద్యుత్ మాండొలిన్‌ను చేపట్టారు. జంటతీగలను ఒకే తీరుగా సాగదీసి గమకం పలికించడం కష్టం. ఒంటితీగకు ఆ అడ్డు లేదు. తీగ నాదం త్వరగా అణగిపోయే లోటును విద్యుత్ ధ్వనివర్ధకం పూరించింది. ఇక్కడ కూడా వాద్యం నుండి కొంత తొలగింది. కాని ఏది తొలగాలో నిర్ణయించినది కర్ణాటక సంగీతం.

4. మిడి: స్పర్శకు, నాదానికి ఎడబాటు:
1983లో వెలువడిన మిడి ప్రమాణం వేర్వేరు సంస్థల ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాషను ఏర్పరచింది. దీని రూపకల్పనకు గాను డేవ్ స్మిత్, ఇకుతారో కకెహషి 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం పొందారు. మిడి తంత్రి నాదాన్ని మోయదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు వంటి సమాచారాన్ని మాత్రమే చేరవేస్తుంది. నాదం పుట్టేది వేరొకచోట. కాబట్టి మెట్లపలక దానంతట మూగదైనా పనికివస్తుంది. ఈ మూగపలకనే కంట్రోలర్ అంటున్నారు. ల్యాప్‌టాప్‌లు నాదజనకాలుగా మారాక పలకలు చిక్కిపోయాయి. కోర్గ్ నానోకీ (2008), అకాయ్ ఎల్‌పీకే25 (2009), ఎంపీకే మినీ (2010) ఈ కోవకు చెందినవే. నానోకీ పొడవు సుమారు 32 సెంటీమీటర్లు. మూడింటికీ మెట్లు 25.

4.1. స్థాయి సరిపోయింది:
రెండు స్థాయుల విస్తృతి చాలదని పైకి అనిపిస్తుంది. కాని కర్ణాటక గాత్రం సామాన్యంగా సంచరించేది మంద్రపంచమం నుండి తారాపంచమం దాకా. రెండు చివరలనూ కలుపుకొంటే ఇవి సరిగ్గా 25 స్వరస్థానాలు. ఒకటో శ్రుతితో మొదలయ్యే పలకపై నాలుగో శ్రుతిని షడ్జంగా గ్రహిస్తే మొదటి మెట్టు మంద్రపంచమం, చివరి మెట్టు తారాపంచమం అవుతాయి. తక్కిన శ్రుతులకు సాఫ్ట్‌వేర్‌లో మార్పిడి చేసుకోవచ్చు. ఇది తయారీదారుల ఉద్దేశం కాదు, యాదృచ్ఛికం. అయినా ఉపయుక్తమైనదే.

4.2. గమకం జారిపోయింది:
పెద్ద కీబోర్డులకు ఎడమవైపు స్వరాన్ని ఎగువకూ దిగువకూ వంచే చక్రం ఉంటుంది. దాని పరిధి సాధారణంగా రెండేసి అర్ధస్వరాలు. తోడిరాగంలో సాధారణగాంధారం శుద్ధరిషభానికీ శుద్ధమధ్యమానికీ మధ్య ఊగుతుంది. ఆ ఊపుకు ఈ పరిధి సరిగ్గా సరిపోతుంది. కాని ఎల్‌పీకే25లో ఈ చక్రం లేదు. తొలి ఎంపీకే మినీలోనూ లేదు. నానోకీలో దాని స్థానంలో మీటలు వచ్చాయి. 2014 నాటి రెండో ఎంపీకే మినీకి గాని చిన్న జాయ్‌స్టిక్ అమరలేదు. పలక కుదించేటప్పుడు అనవసరమని తోచినది ఇదే. లయ, స్వరసమ్మేళనం ప్రధానమైన సంగీతానికి అది అలంకారం, మనకు రాగస్వరూపం. చక్రం ఉన్నప్పుడు కూడా ఎడమచేయి దానికే అంకితమవుతుంది. చేతి హార్మోనియం తిత్తి దగ్గరి స్థితే ఇక్కడ మరో రూపంలో పునరావృతమైంది.

2018లో ఆమోదం పొందిన ఎంపీఈ పద్ధతి ప్రతి స్వరానికీ ఒక ప్రత్యేక ఛానెల్ కేటాయించి, మెట్టు మీది వేలి కదలికతోనే ఆ ఒక్క స్వరాన్నీ వంచే వీలు కల్పించింది. రోలీ సీబోర్డ్ వంటి మెత్తని పలకలు ఈ తీరువి. దీనితో ఎడమచేయికి మళ్ళీ విడుదల దొరికింది.

5. ముగింపు:
1. చిన్న వాద్యాల చరిత్ర కొత్తగా చేరినవాటి పట్టిక మాత్రమే కాదు. తొలగినవాటి చరిత్ర కూడా. హార్మోనియంలో ఒక చేయి, మాండొలిన్‌లో జంటతీగ, కంట్రోలర్‌లో స్వరాన్ని వంచే చక్రం తొలగాయి.
2. తొలగింపును తన సంగీతానుసారం నిర్ణయించుకోగలిగిన శ్రీనివాస్ చేతిలో మాండొలిన్ కర్ణాటకవాద్యమైంది. ఆ నిర్ణయం అన్యుల చేతిలో ఉన్నప్పుడు మన సంగీతమే పలకకు తగినట్లు ఒదగవలసి వస్తుంది. చక్రం లేని పలకపై సాధన మొదలుపెట్టినవారికి స్వరం మెట్టుగానే అలవడే ప్రమాదం ఉంది.
3. పాత హార్మోనియాన్ని భద్రపరిస్తే దాని నాదం కూడా మిగులుతుంది. కంట్రోలర్ మూగది కనుక, దానితో పాటు వాడిన సాఫ్ట్‌వేర్, శ్రుతి, వంపు పరిధి వివరాలను కూడా నమోదు చేయకపోతే భావి పరిశోధకుడికి ప్లాస్టిక్ పలక మాత్రమే మిగులుతుంది. ఎస్.ఆర్. నగర్ వంటి పేటల గదుల్లో హెడ్‌ఫోన్లకే పరిమితమైన సంగీతం పొరుగుగదికి కూడా వినబడదు. అందువల్ల ఈ నమోదు ఇప్పుడే జరగవలసి ఉంది.