కనీస వేతనాల పెంపు - నష్టాల్లో ఉన్న సంస్థలు, కార్మికుల ఉపాధి

కార్మికునికి ఇంతకంటే తక్కువ చెల్లించరాదని ప్రభుత్వం చట్టబద్ధంగా నిర్ణయించే మొత్తమే కనీస వేతనం. దీనిని సవరించిన ప్రతిసారీ రెండు వాదనలు ముందుకు వస్తుంటాయి. పెరిగిన ధరలతో పాత కూలి కుటుంబ పోషణకు చాలదన్నది కార్మికుల వాదన. అసలే నష్టాల్లో ఉన్న సంస్థపై అదనపు భారం మోపితే మూసివేత తప్పదని, అప్పుడు ఉన్న కూలి కూడా పోతుందని యాజమాన్యాల వాదన. ఈ రెండింటిలోనూ వాస్తవం ఉన్నదని గత అనుభవాలు తెలియజేస్తున్నాయి.

వేతన నిర్ణయానికి ప్రాతిపదిక

కనీస వేతనాల చట్టం 1948 మార్చి 15న అమలులోకి వచ్చింది. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు వేతన నిర్ణయానికి ప్రమాణాలను సూచించింది. సంపాదనపరునికి మూడు వినియోగ యూనిట్ల కుటుంబం, ఒక్కొక్క యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల ఆహారం, నలుగురు సభ్యుల కుటుంబానికి ఏడాదికి 72 గజాల వస్త్రం, ఇంటి అద్దె, అలాగే ఇంధనం, దీపాలు తదితరాలకు మొత్తం వేతనంలో 20 శాతం ఇందులో ఉన్నాయి. పిల్లల చదువు, వైద్యం వంటి అవసరాలకు మరో 25 శాతం చేర్చాలని 1991లో సుప్రీంకోర్టు పేర్కొన్నది. ఈ ప్రమాణాలన్నీ కుటుంబ అవసరాలకు సంబంధించినవే. సంస్థ లాభనష్టాల ప్రస్తావన వీటిలో లేదు.

న్యాయస్థానాల తీర్పులు

పూర్వపు అజ్మీర్ రాష్ట్రంలోని బిజయ్ కాటన్ మిల్లు, ప్రభుత్వం నిర్ణయించిన వేతనాన్ని భరించలేమంటూ 1952 నవంబరు 1న మూతపడింది. నెలకు రూ.35కే పని చేయడానికి సమ్మతమేనని సుమారు 1,100 మంది కార్మికులు యాజమాన్యానికి దరఖాస్తులు ఇచ్చారు. అయితే కార్మికులు అంగీకరించినా తక్కువ చెల్లించడం నేరం కావడంతో మిల్లు తెరవడం సాధ్యపడలేదు. 1954లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. పేదరికం, నిస్సహాయత వల్ల కార్మికులు తక్కువ కూలికి ఒప్పుకున్నంత మాత్రాన, కొందరు యజమానులకు ఇబ్బంది కలిగినంత మాత్రాన చట్టం అసమంజసం కాబోదని స్పష్టం చేసింది.

కేరళ పెంకుల పరిశ్రమ యజమానుల కేసులో 1961లో ఇచ్చిన తీర్పు ఈ సూత్రాన్ని మరింత బలపరిచింది. కనీస వేతన నిర్ణయంలో యజమాని స్తోమతను పరిగణించనక్కరలేదని, అంతకు మించిన సముచిత వేతనం విషయంలోనే స్తోమతను చూడాలని పేర్కొన్నది.

కన్నూరు బీడీ కార్మికుల అనుభవం

తీర్పు యజమానిని నియంత్రించగలదు గానీ, మూతపడిన కార్ఖానాను తెరిపించలేదు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టాన్ని కేరళ అమలు చేయడంతో 1968లో కన్నూరు ప్రాంతపు పెద్ద బీడీ సంస్థలు కార్ఖానాలను మూసి పనిని కర్ణాటకకు తరలించాయి. వేలాది మంది ఉపాధి కోల్పోయారు. ప్రభుత్వ తోడ్పాటుతో 1969లో కార్మికులే కేరళ దినేశ్ బీడీ సహకార సంఘాన్ని స్థాపించుకున్నారు. బీడీల గిరాకీ తగ్గాక ఆ సంఘం ఆహార పదార్థాలు, గొడుగుల తయారీ వైపు మళ్లింది.

తెలంగాణలో పరిస్థితి

నిజామాబాద్, జగిత్యాల తదితర జిల్లాల్లో మహిళలు ఇంటి వద్దనే బీడీలు చుడుతున్నారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్కిస్తారు. ఇటువంటి పనిలో రేటు ఎంత ముఖ్యమో నెలలో లభించే పనిదినాలూ అంతే ముఖ్యం. ఉదాహరణకు రేటు 20 శాతం పెరిగి, పని 25 రోజుల నుండి 20 రోజులకు తగ్గితే ఆదాయం పెరగకపోగా 4 శాతం తగ్గుతుంది. కాబట్టి వేతన సవరణతో పాటు పనిదినాలపై, టేకేదార్లు ఇచ్చే ఆకు, తంబాకు తూకంపై పర్యవేక్షణ అవసరం.

ప్రస్తుత చట్టం

1948 చట్టంతో సహా నాలుగు చట్టాల స్థానంలో వేతనాల కోడ్-2019 తేది 21-11-2025 నుండి అమలులోకి వచ్చింది. ముఖ్యాంశాలు:

* షెడ్యూలులో చేరిన పనులకే కాక, ఉద్యోగులందరికీ కనీస వేతనం వర్తిస్తుంది.
* కేంద్రం ప్రకటించే ఫ్లోర్ వేజ్ కంటే తక్కువగా ఏ రాష్ట్రమూ వేతనం నిర్ణయించరాదు. తక్కువ కూలి కోసం పరిశ్రమలు పొరుగు రాష్ట్రానికి తరలడాన్ని అరికట్టడానికి ఇది తోడ్పడగలదు.
* సాధారణంగా 5 ఏళ్లకు మించకుండా వేతనాలను సమీక్షించాలి.
* తక్కువ చెల్లించిన యజమానికి రూ.50,000 వరకు జరిమానా విధించవచ్చు. బకాయి కోసం 3 సంవత్సరాలలోగా దరఖాస్తు చేసుకోవచ్చు.

సవరణ ఏళ్ల తరబడి వాయిదా పడితే భారం ఒక్కసారిగా పెరిగి చిన్న సంస్థలు తట్టుకోలేవు. సకాలంలో కొద్దికొద్దిగా సవరించడం, మూతపడే సంస్థల కార్మికులకు ప్రత్యామ్నాయ ఉపాధి చూపడం ఉభయులకూ శ్రేయస్కరం.