గోదావరి గట్టున సింహము

ఇటీవల దిల్‌సుఖ్‌నగరమున నొక మిత్రుని యింట నలుగురు కవులు గూడి చిన్న కవిత నొకదానిని గూర్చి వాదించుచుండగా మేమును వింటిమి. అందలి మృగము దేనికి చిహ్నమని వారి తర్కము. ఒకరు కాలమనిరి, మఱియొకరు రాజ్యాధికారమనిరి. మృగము మృగమేయై యుండరాదాయని మాకు దోచినది. అప్పుడు హాలుని గాథాసప్తశతిలోని దొకటి వారికి విప్పి చెప్పితిమి.

పూలకై వచ్చు ధార్మికునితో నొక స్త్రీ చెప్పుచున్నది: నిన్ను బెదరించు కుక్క చచ్చినది, గోదావరి గట్టు పొదలలోని సింహము దానిని జంపినది, ఇక నిశ్చింతగా దిరుగుము. ఇంతియే గాథ. దిల్‌సుఖ్‌నగరపు సందులలో రాత్రివేళ నడచువారికి ధార్మికుని భయము వేఱుగా వివరింప నక్కఱలేదు.

శాతవాహన ప్రభువు పేర వెలసిన యీ ప్రాకృత గ్రంథమును యౌవనమున తెనిగించితినని శ్రీనాథుడు చెప్పుకొనెను గాని యది మనకు దక్కలేదు. గట్టు మనది, దానిపై సాగిన వాదమునకై కాశ్మీరమునకు బోవలసివచ్చినది. అవంతివర్మ (855–883) కాలపు ఆనందవర్ధనుడు, పైకి దిరుగుమనుచున్నను లోన రావలదను నిషేధమే స్ఫురించుచున్నదనెను. ఆ పొద యామెకు ప్రాణసమమగు సంకేతస్థలమనియు, ధార్మికుడు చిగుళ్లు పూలు కోయుటచే నది వన్నె తఱుగుచున్నదనియు అభినవగుప్తుడు వివరించెను. గాథలో లేని చిగుళ్లను జూచిన యా చూపు మాకు మిక్కిలి ప్రీతికరము.

11వ శతాబ్దమున మహిమభట్టు దీని నంగీకరింపలేదు. పొగను జూచి నిప్పు నూహించునట్లు సింహమునుబట్టి నిషేధము ననుమానింపవచ్చును, ధ్వని యేలయనెను. మమ్మటుడు బదులు చెప్పెను: పిఱికివాడును గురువాజ్ఞకో ప్రియురాలికై యో భయస్థలమునకు బోవును, కుక్క తాకుడునకు వెఱచు వీరుడు సింహమునకు వెఱవకపోవచ్చును, అన్నిటికి మించి, సింహమున్నదనుటకు సాక్ష్యమేది? ఆమె మాట యొక్కటియే. అది నమ్మదగినదని యెవరు చెప్పగలరు?

ఇచ్చట మా మిత్రులు నిశ్శబ్దులైరి. సింహము చిహ్నము గాదు, బహుశః సింహమే లేదు. ఐనను ధార్మికుడు మరల రాడు.

సభ ముగిసి ఎల్.బి. నగరము వైపు బయలుదేరితిమి. సందు మొగమున కుక్కలున్నవని యెవరో యనిరి. మాకొక్కటియు గనబడలేదు గాని, రాజ్యాధికారమని వాదించిన కవి చుట్టుదారిన బోయెను. మేమును ఆయన వెంటనే నడచితిమి.