ప్రసూతి సెలవు నుండి శిశు సంరక్షణ సెలవు దాకా

సర్వీసులో ఉన్నన్నాళ్లూ సెలవు నిబంధనలు మనకు కంఠోపాఠం. ఏ సెలవుకు ఏ రూలు, ఎన్ని రోజులు, పూర్తి జీతమా సగం జీతమా అన్నది పుస్తకం చూడకుండా చెప్పగల సీనియర్ గుమాస్తా ప్రతి ఆఫీసులోనూ ఒకరు ఉండేవారు. అయితే ఆ రూళ్ల వెనుక జరిగిన చరిత్ర ఏ మాన్యువల్‌లోనూ కనిపించదు. నేడు మన కుమార్తెలూ కోడళ్లూ హక్కుగా పొందుతున్న ప్రసూతి సెలవు ఒక్క సంతకంతో వచ్చినది కాదు. దాని వెనుక తొంభై ఏళ్లకు పైబడిన పోరాటం ఉన్నది.

1919లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ కార్మిక సంస్థ తొలి మహాసభ కాన్పుకు ముందు ఆరు వారాలు, తరువాత ఆరు వారాలు విశ్రాంతి ఉండాలని ఒక ఒడంబడిక చేసింది. మన దేశం దానిని ఆమోదించలేదు. అయినా ఆ భావన ఇక్కడికి చేరింది. 1928లో బొంబాయి శాసనమండలిలో మిల్లు కార్మిక స్త్రీల కోసం ప్రసూతి సౌకర్యాల బిల్లు చర్చకు వచ్చినప్పుడు డాక్టర్ అంబేద్కర్ దానిని గట్టిగా సమర్థించారు. కాన్పు ముందూ వెనుకా తల్లికి విశ్రాంతి ఇవ్వడం జాతి క్షేమం కోసమేననీ, కనుక ఆ భారంలో ప్రభుత్వానికి పెద్ద వాటా ఉండాలనీ ఆయన వాదించారు. ఈ రెండవ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్లీ దాని దగ్గరకు వస్తాము.

బొంబాయి చట్టం 1929లో వచ్చింది. మద్రాసు రాష్ట్రం 1934లో చట్టం చేసింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. గనుల్లో పనిచేసే స్త్రీలకు 1941లో, ఇ.ఎస్.ఐ. పరిధిలోని వారికి 1948 చట్టం ద్వారా రక్షణ కలిగింది. చివరకు 1961లో పార్లమెంటు ప్రసూతి సౌకర్యాల చట్టం చేసి పన్నెండు వారాలు ఖాయం చేసింది.

సెలవు ఇచ్చినంత మాత్రాన గౌరవం వచ్చిందనుకోరాదు. విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడుగాని ఆ సర్వీసు రూళ్లు లోకానికి తెలియలేదు. స్త్రీ అధికారి పెళ్లికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. సంసార బాధ్యతలు విధులకు అడ్డమని ప్రభుత్వం భావిస్తే రాజీనామా చేయమనవచ్చు. పురుష అధికారులకు ఇటువంటి షరతు లేదు. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వివక్షను తీవ్రంగా తప్పుపట్టారు. తొలి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం ఊడే నిబంధనను సుప్రీంకోర్టు 1981లో కొట్టివేసింది. రోజుకూలీ మీద పనిచేసే స్త్రీలకూ ప్రసూతి సౌకర్యాలు వర్తిస్తాయని ఢిల్లీ నగరపాలక సంస్థ కేసులో 2000లో తీర్పు చెప్పింది.

ప్రభుత్వోద్యోగినుల సెలవు కూడా మెట్టు మెట్టుగా పెరిగింది. కేంద్రంలో 90 రోజులున్నది అయిదవ వేతన సంఘం తరువాత 1997లో 135 అయింది, ఆరవ వేతన సంఘం తరువాత 2008లో 180 అయింది. మన రాష్ట్రంలో 2010లో 180 రోజులు చేశారు. 2017లో 1961 చట్టాన్ని సవరించి ప్రైవేటు ఉద్యోగినులకు 26 వారాలు ఇచ్చారు. యాభై మందికి పైగా పనిచేసేచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు.

2008లోనే కేంద్రం మరొక కొత్త సెలవు ప్రవేశపెట్టింది. పద్దెనిమిదేళ్ల లోపు ఇద్దరు పిల్లల పెంపకం, చదువు, అనారోగ్యం కోసం మొత్తం సర్వీసులో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు. రాష్ట్ర విభజన తరువాత 2016లో ఆంధ్రప్రదేశ్ 60 రోజులు, తెలంగాణ 90 రోజులు మంజూరు చేశాయి. ఆంధ్రప్రదేశ్ 2022లో దానిని 180 రోజులకు పెంచింది.

ఇంతవరకూ సంతోషమే. కాని ఈ లెక్కల్లో తండ్రి ఎక్కడ? కేంద్రంలో 1997లో, మన రాష్ట్రంలో 2005లో ఇచ్చిన పితృత్వ సెలవు 15 రోజులు మాత్రమే. శిశు సంరక్షణ సెలవును కేంద్రం 2018లో పురుషులకు విస్తరించినప్పుడు కూడా భార్య లేక ఒంటరిగా పిల్లలను పెంచే తండ్రికే ఇచ్చింది. అంటే తల్లి ఉన్న ఇంట్లో బిడ్డ పని తల్లిదేనని రూలే చెబుతున్నది. స్వీడన్ 1974లోనే ప్రసూతి సెలవును తల్లిదండ్రులిద్దరి సెలవుగా మార్చింది. 1995లో ఒక నెల తండ్రికే ప్రత్యేకించింది. మన దేశంలో 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో జీతంలేని ఇంటి పనికి స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది.

దీనివల్ల నష్టం ఉద్యోగినికే. సెలవు ఖర్చంతా యజమాని మీదే పడి, ఆ సెలవు స్త్రీకే పరిమితమైనప్పుడు, ఆడపిల్లను పనిలో చేర్చుకోవడానికి వెనుకాడేవారు ఉంటారు. 1928లో అంబేద్కర్ చెప్పిన ప్రభుత్వ వాటా మాట ఇందుకే నేటికీ విలువైనది.

సెలవు అయిపోయాక బిడ్డ ఎవరి ఒడిలోకి వస్తుందో మనకు తెలియనిది కాదు. అమ్మమ్మ, నాయనమ్మ. మనం పదవీ విరమణ చేశాము గాని, మన ఇళ్లలోని ఆడవారికి విరమణ లేదు. మనుమలను చూసుకోవడం ఆనందమే అయినా అరవై దాటిన నడుముకు అదీ ఒక డ్యూటీయే.

సర్వీసులో ఉన్న సంఘాల మిత్రులు తదుపరి వేతన సవరణ కోర్కెల పత్రంలో పితృత్వ సెలవు పెంపును చేర్చేటట్లు మన సంఘం తీర్మానించి పంపితే బాగుంటుంది. అందాకా మన కుమారులు ఉన్న పదిహేను రోజులనైనా సిగ్గుపడకుండా వాడుకోవాలని చెబుదాం. తాతలుగా మనమూ ఉయ్యాల తాడు పట్టుకుందాం.