సింహళ శాసనాలలో చెరువు పెద్దలు

మహావంశం చదివినవారికి సింహళంలోని చెరువులన్నీ రాజులే త్రవ్వించారనిపించడం సహజం. 1957లో విట్‌ఫోగెల్ భారీ నీటిపారుదలను నిరంకుశ రాజ్యంతో ముడిపెట్టగా, 1959లో ఎడ్మండ్ లీచ్ సింహళాన్నే చూపి ఆ వాదాన్ని ప్రశ్నించాడు. శిలలూ లీచ్ పక్షమే పలుకుతున్నాయి. క్రీస్తుపూర్వపు తోణిగల బ్రాహ్మీ శాసనంలో రాజు పేరున్నా, చతుర్దిశల సంఘానికి దానమైనది ‘పరుమక’ బిరుదుగల స్థానిక ప్రముఖుని ‘వాపి’. (ఇక్కడ వాపి దిగుడుబావి కాదు, చెరువు, నేటి సింహళ ‘వెవ’ దాని రూపమే.) మరికొన్ని శాసనాలు ‘వాపిహమిక’లను, అనగా చెరువు యజమానులను, పేర్కొంటాయి. తరువాతి కాలంలో ‘దకపతి’ అనే నీటి ఆదాయపు వాటా కూడా విహారాలకు దత్తమైంది. చెరువు నిండితేనే ఆ వాటా. అందుచేత కట్ట తెగకుండా చూడడంలో భిక్షుసంఘానికీ ఆయకట్టు రైతుకూ ప్రయోజనం ఒక్కటే అయింది.