చేతులతో నేర్చిన చదువు

సంఘ చరిత్ర వ్రాయ కూర్చున్నప్పుడు మనము మిషనరీల పేర్లు, దేవాలయ ప్రతిష్ఠల తేదీలు జ్ఞాపకము చేసికొందుము. పలకమీద అక్షరము దిద్దించిన బడిపంతులును మరచిపోవుదుము. ఈ శతవార్షిక సంచికలో ఆయనకు కొంత చోటు ఇవ్వవలెనని మేము తలంచితిమి.

1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్‌తో కలిసి విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు మన దేశమునకు వచ్చి, తరువాత గోదావరి డెల్టాలో నరసాపురము, పాలకొల్లు కేంద్రములుగా పనిచేసిరి. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నములో ఆంగ్ల పాఠశాల తెరచెను. 1847లో ఆరంభమైన ధవళేశ్వరము ఆనకట్ట 1852 నాటికి పూర్తి అయ్యెను. కాటన్ దొర కాలువలతో కోనసీమ పచ్చబడినది. చేనికి నీరు వచ్చెను గాని, ఆ చేనిలో వంగి నాట్లు వేసిన కూలివాని బిడ్డకు అక్షరము అంత సులభముగా రాలేదు.

కారణము పేదరికము ఒక్కటే కాదు. ఎవరి చేతులు పనికి, ఎవరి చేతులు పుస్తకమునకు అని లోకము ముందే పంచిపెట్టినది. మన మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్నగారు ఈ పంపకమును తమ ‘పాలేరు’ నాటకములో నిలదీసిరి. పాలేరు కుర్రవాడు చదువుకొని అధికారి అగుట రంగస్థలముమీద చూచి, తమ పిల్లలను బడిలో వేసిన తల్లిదండ్రులు ఎందరో కలరు.

1937లో వార్ధా సమావేశమందు గాంధీగారు చేతివృత్తి ద్వారా విద్య నేర్పవలెనని ప్రతిపాదించిరి. డాక్టర్ జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఒక సంఘము దానికి పాఠ్యక్రమము సిద్ధము చేసినది. ఆలోచన గొప్పది. అయినను కొబ్బరి పీచు కొట్టి బ్రదుకు కుటుంబమునకు ఒక సందేహము కలుగుట సహజము. ‘తాడు పేనుట మా ఇంటనే వచ్చును గదా, దానికి బడి ఎందుకు?’ ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. పని చేయించుట వేరు, పనిలో దాగిన లెక్కను, శాస్త్రమును పిల్లవానిచేత కనుగొనజేయుట వేరు. ఈ రెంటికిని గల తేడా తెలిసినవాడే ఉపాధ్యాయుడు.

1964-66 నాటి కొఠారీ కమీషను మరియొక సంగతి చెప్పినది. ఒంటరి పాఠశాల బలహీనము గనుక ఒక ఉన్నత పాఠశాల చుట్టునున్న చిన్న బడులు కలిసి పాఠశాల సముదాయముగా పనిచేయవలెను. ఈ రెండు భావములు మన రాష్ట్రములో ఒకచోట చేరినవి. బ్రిటిష్ ప్రభుత్వ సహాయముతో 1984లో కొన్ని జిల్లాలలో ప్రయోగముగా ఆరంభమైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము 1989 నుండి రాష్ట్రమంతట విస్తరించి, 1996 వరకు నడచినది. చేయుచు నేర్చుకొనుట, పరిసరములనే పాఠముగా వాడుట, జట్లుగా పనిచేయుట, పిల్లల పనిని గోడలపై ప్రదర్శించుట దాని సూత్రములలో కొన్ని. ఇరుగుపొరుగు బడుల పంతుళ్లు ఉపాధ్యాయ కేంద్రములలో కలిసికొని పాఠములు తయారు చేసికొనెడివారు.

ఆ రోజులలో మేము పేటలోని చిన్న బడిలో నాలుగవ తరగతి. కేంద్రమునుండి తిరిగి వచ్చిన మాస్టారు పుస్తకము మూయించి, కొబ్బరి చిప్పలు, పీచు తాడు, వెదురు పుల్ల తెమ్మనిరి. మేము త్రాసు కట్టితిమి. తూకము ఒక ప్రక్కకే ఒరుగుచుండెను. ఏల ఒరుగుచున్నదో ఆయన చెప్పలేదు, మమ్మునే కనుగొనమనిరి. తాడు కట్టిన చోటు పుల్లకు సరిగా మధ్యన లేదని ఒక కూలివాని కుమార్తె కనిపెట్టినది. అంతవరకు ఆమె తరగతిలో నోరు తెరువగా మేము వినలేదు.

తరువాతి వారము ఊరిలోని బడి పిల్లలు మా బడికి వచ్చిరి. వారికి ఆ త్రాసు కట్టుట ఆ బాలికయే నేర్పినది. ఊరి పిల్లలు పేటకు వచ్చి, మా చాపలమీద కూర్చుండి, మా పిల్లవద్ద నేర్చుకొనుట మేము మొదటిసారి చూచితిమి. సమానత్వమును గూర్చి పిమ్మట వేదాంత కళాశాలలో ఎన్నో ఉపన్యాసములు వింటిమి గాని, ఆ త్రాసు చెప్పినంత సూటిగా ఏదియు చెప్పలేదు.

అంతటను ఇట్లే జరిగినదని చెప్పజాలము. అనేక బడులలో గోడలకు పటములు వ్రేలాడినవి, బోధన మాత్రము పాతదిగానే ఉండిపోయినది. పథకము ముగియగానే ఉత్సాహమును చల్లారినది. 2020 జాతీయ విద్యా విధానము మరల పాఠశాల సముదాయములను గూర్చి పలికినది. ఉత్తరువులు వచ్చును, పోవును. ఒక పంతులు మరియొక పంతులు తలుపు తట్టినచోటనే చదువు కదలును.

2022 ఏప్రిల్‌లో మన కోనసీమ ప్రత్యేక జిల్లా అయినది. మన సంఘములలో విశ్రాంత ఉపాధ్యాయులున్నారు, వడ్రంగులున్నారు, నేతపనివారున్నారు, పీచు పని ఎరిగిన తల్లులున్నారు. నెలకొక దినము దేవాలయపు ఆవరణము తెరచి, చుట్టుప్రక్కల బడుల పిల్లలను ఏ భేదము లేక ఒక్కచోట చేర్చి వీరిచేత నేర్పింపరాదా? మన ప్రభువు సహితము వడ్లవాని ఇంట పెరిగినవాడే గదా.

ఆ బాలిక ఈనాడు ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. ఆమె బల్లమీద నేటికిని ఒక కొబ్బరి చిప్పల త్రాసు కలదు.